మునగాకులో యాంటీఆక్సిడెంట్ శక్తిని ప్రయోగశాలలో ఎలా కొలవాలి

మునగాకులో యాంటీఆక్సిడెంట్లు సమృద్ధిగా ఉంటాయన్న మాటను ప్రాజెక్టు పనిగా తీసుకుని స్వయంగా పరీక్షించదలచిన డిగ్రీ, పీజీ విద్యార్థుల కోసం ఈ పద్ధతిని రాస్తున్నాను. ఇందుకు మరీ ఖరీదైన పరికరాలేవీ అవసరం లేదు. దృశ్యకాంతిలో పనిచేసే స్పెక్ట్రోఫోటోమీటర్ (ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుందో కొలిచే పరికరం), మిల్లీగ్రాములో పదో వంతు వరకు తూచగల త్రాసు, మైక్రోపిపెట్లు, ఒక షేకర్, ఒక సెంట్రిఫ్యూజ్, తక్కువ వేడితో ద్రావణిని ఆవిరి చేసే రోటరీ ఎవాపొరేటర్ ఉంటే పని పూర్తవుతుంది. అయితే రసాయనాలు కలిపి రంగు మార్పును చదవడం ఇందులో అతి సులువైన భాగం. ఆకు కోసిన క్షణం నుంచి దాన్ని ఎలా ఆరబెట్టారు, ఏ ద్రావణితో సారం తీశారు, గాఢతను ఎలా లెక్కించారు అన్న వాటి మీదే చివరికి వచ్చే సంఖ్య ఆధారపడుతుంది కాబట్టి, ఈ దశల గురించే ఎక్కువగా చెబుతాను.

ఏం కొలుస్తున్నారో ముందు తేల్చుకోండి

జత లేని ఎలక్ట్రాన్ ఉన్న అణువును ఫ్రీ రాడికల్ అంటారు. దానికి ఒక ఎలక్ట్రాన్‌నో హైడ్రోజన్ పరమాణువునో ఇచ్చి శాంతపరచగల పదార్థం యాంటీఆక్సిడెంట్. మునగాకులో ఈ పని చేసేవి ఒకటి రెండు కావు. విటమిన్ సి ఉంది. క్వెర్సెటిన్, కెంఫెరాల్ అనే ఫ్లావనాయిడ్లు చక్కెరలతో ముడిపడిన రూపంలో ఉన్నాయి. క్లోరోజెనిక్ ఆమ్లం వంటి ఫినాలిక్ ఆమ్లాలున్నాయి. కొవ్వులో కరిగే బీటా కెరోటిన్, టోకోఫెరాల్ కూడా ఉన్నాయి. వీటన్నిటినీ ఏ ఒక్క ద్రావణీ పూర్తిగా బయటికి తీయలేదు, ఏ ఒక్క పరీక్షా సమానంగా చూడలేదు.

మునగకు మరో ప్రత్యేకత ఉంది. ఇందులోని గ్లూకోమోరింగిన్ అనే పదార్థం, పచ్చి ఆకును నలిపినప్పుడు మైరోసినేజ్ ఎంజైమ్ చర్య వల్ల ఐసోథయోసయనేట్‌గా మారుతుంది. ఐసోథయోసయనేట్లు రాడికల్‌ను నేరుగా పట్టుకోవడం కంటే, జీవకణంలో రక్షణ ఎంజైముల తయారీని ప్రేరేపించడం ద్వారా పనిచేస్తాయి. పరీక్షనాళికలో జరిగే రంగు పరీక్షకు ఈ గుణం కనిపించదు. అందువల్ల మీ నివేదిక శీర్షికలో ‘మునగ మొత్తం యాంటీఆక్సిడెంట్ శక్తి’ అని కాకుండా, ‘మునగాకు మిథనాల్ సారం డీపీపీహెచ్ రాడికల్‌ను తటస్థీకరించే సామర్థ్యం’ అని రాయండి. డీపీపీహెచ్ అంటే ఈ పరీక్షలో వాడే ఊదారంగు రాడికల్, దాని గురించి కింద చెబుతాను. శీర్షిక పొడవుగానే ఉంటుంది, కానీ మీరు నిజంగా కొలిచింది అదే.

ఆకును సేకరించి ఎండబెట్టడం

కొమ్మతో సహా ఒక నమూనాను వృక్షశాస్త్ర అధ్యాపకులకు చూపించి మొరింగా ఒలిఫెరా అని నిర్ధారణ చేయించుకోండి. పూత కూడా ఉన్న కొమ్మ దొరికితే గుర్తింపు సులభమవుతుంది. ఆ కొమ్మను నొక్కి ఆరబెట్టి, సంఖ్య వేసి హెర్బేరియంలో (ఎండిన మొక్కల నమూనాలు దాచే చోట) భద్రపరచండి. సేకరించిన తేదీ, సమయం, చెట్టు వయసు, ఆకు లేతదా ముదిరినదా అన్న వివరాలను అప్పటికప్పుడే రాసుకోండి. లేత ఆకులో, ముదురు ఆకులో ఫినాల్స్ పాళ్లు ఒకేలా ఉండవు కాబట్టి రెండింటినీ కలపకండి. ఒకే చెట్టు ఆకును పరీక్షిస్తే ఆ చెట్టు గురించి మాత్రమే తెలుస్తుంది. వీలైతే కనీసం మూడు చెట్ల నుంచి తెచ్చి, మూడింటినీ విడివిడిగా ఉంచండి.

ఆకులను నీటితో కడిగి, తడిని అద్ది తీసేసి, ఈనెలనూ రెబ్బల కాడలనూ వేరు చేయండి. ఆకు నలిగితే లోపలి ఎంజైములు ఫినాల్స్‌ను ఆక్సీకరించడం మొదలుపెడతాయి. నల్లబడిన ఆకు దానికి గుర్తు, అలాంటి ఆకును పక్కన పెట్టండి. తరువాత గాలి ఆడే నీడలో పలుచగా పరచండి. ఓవెన్ వాడితే 40 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకండి. నేరుగా ఎండలో ఆరబెట్టకండి, ఎందుకంటే వేడి వల్ల విటమిన్ సి, వెలుతురు వల్ల కెరోటిన్ తగ్గిపోతాయి. ఫ్రీజ్ డ్రయర్ అందుబాటులో ఉంటే అదే ఉత్తమం. ఏ పద్ధతి వాడినా అన్ని నమూనాలకూ అదే వాడండి. నీడలో ఆరిన ఒక నమూనాను ఓవెన్‌లో ఆరిన మరో నమూనాతో పోలిస్తే, ఆ తేడా చెట్టుదో వేడిదో ఎవరూ చెప్పలేరు.

ఆకు చేతిలో పొడి అయ్యేంతగా ఎండాక గ్రైండర్‌లో వేసి, వేడెక్కకుండా మధ్య మధ్య ఆపుతూ పొడి చేయండి. ఆ పొడిని జల్లించి, గాలి చొరని గోధుమరంగు సీసాలో నింపి ఫ్రిజ్‌లో ఉంచండి. అందులోంచి కొద్దిగా, సుమారు 2 గ్రాములు, 105 డిగ్రీల వద్ద బరువు ఇక తగ్గని స్థితి వచ్చేదాకా ఉంచి, మిగిలిన తేమ శాతాన్ని కనుక్కోండి. చాలామంది ఈ చిన్న పనిని వదిలేస్తారు, కానీ తేమ ఎంతో తెలియకుండా రెండు పొడులను గ్రాముకు గ్రాము పోల్చడం న్యాయం కాదు. తేమ కోసం ఇంత వేడి చేసిన పొడిని తిరిగి సీసాలో కలపకండి.

సారం తీయడం

ఫినాల్స్, ఫ్లావనాయిడ్ల కోసం శుద్ధమైన మిథనాల్ కంటే కొంత నీరు కలిసిన మిథనాల్ గానీ ఇథనాల్ గానీ మేలు. 80 భాగాల మిథనాల్‌కు 20 భాగాల నీరు అన్నది ఎక్కువగా వాడే పాళ్లు. చక్కెరలతో ముడిపడిన ఫ్లావనాయిడ్లు నీటి సాయంతో తేలికగా కరుగుతాయి. మిథనాల్ విషపూరితం, మండే స్వభావం గలది. దాన్ని ఫ్యూమ్ హుడ్‌లోనే వాడండి, దగ్గరలో మంట ఉండకూడదు, నోటితో పిపెట్ పీల్చకూడదు. ఈ సారాన్ని జీవకణాల మీదో జంతువుల మీదో కూడా పరీక్షించే ఉద్దేశం ఉంటే మొదటి నుంచీ ఇథనాల్‌నే ఎంచుకోండి.

5 గ్రాముల పొడిని కోనికల్ ఫ్లాస్కులో తీసుకుని 100 మి.లీ. ద్రావణి పోయండి. ఫ్లాస్కుకు అల్యూమినియం రేకు చుట్టి, గది ఉష్ణోగ్రత వద్ద షేకర్ మీద 24 గంటలు ఉంచండి. వాట్‌మన్ నంబర్ 1 ఫిల్టర్ కాగితంతో వడగట్టి, మిగిలిన పిప్పికి మళ్లీ 50 మి.లీ. ద్రావణి పోసి కొన్ని గంటలు కదిపి, రెండో వడకట్టును మొదటిదానితో కలపండి. ఇంకా మడ్డి కనిపిస్తే సెంట్రిఫ్యూజ్ చేయండి, ఎందుకంటే తేలియాడే రేణువులు కాంతిని చెదరగొట్టి తప్పుడు విలువలు ఇస్తాయి. రోటరీ ఎవాపొరేటర్‌లో 40 డిగ్రీలు మించకుండా ద్రావణిని తొలగించండి. చివరన మిగిలే నీటిని ఫ్రీజ్ డ్రయర్‌లోనో వాక్యూమ్ డెసికేటర్‌లోనో తీసేసి, ఎండిన సారాన్ని తూచండి.

5 గ్రాముల పొడి నుంచి 1 గ్రాము సారం వచ్చిందనుకుంటే దిగుబడి 20 శాతం. ఈ సంఖ్య చివరి లెక్కలో మళ్లీ అవసరమవుతుంది కాబట్టి జాగ్రత్తగా నమోదు చేయండి. సారాన్ని మైనస్ 20 డిగ్రీల వద్ద చీకటిలో ఉంచి, సాధ్యమైనంత త్వరగా పరీక్షకు వాడండి.

డీపీపీహెచ్ పరీక్ష

డీపీపీహెచ్ అన్నది నైట్రోజన్ మీద జత లేని ఎలక్ట్రాన్ ఉన్నా స్థిరంగా నిలిచే అరుదైన రాడికల్. దాని ద్రావణం ముదురు ఊదారంగులో ఉండి, 517 నానోమీటర్ల వద్ద కాంతిని బాగా పీల్చుకుంటుంది. హైడ్రోజన్ అందగానే లేత పసుపుకు మారుతుంది. ఊదారంగు ఎంత తగ్గిందన్నదే మన కొలత. యాంటీఆక్సిడెంట్ల కోసం ఈ పద్ధతిని బ్లోయిస్ 1958లో ప్రతిపాదించారు. నేటికీ విద్యార్థులు మొదట నేర్చుకునే పరీక్ష ఇదే, చవకైనదీ ఇదే.

డీపీపీహెచ్ అణుభారం 394.3. 0.1 మిల్లీమోలార్ ద్రావణం 100 మి.లీ. కావాలంటే 3.94 మి.గ్రా. చాలు. కానీ ఇంత తక్కువ బరువును మామూలు త్రాసు మీద తూచితే తప్పు పెద్దదవుతుంది. అందుకని 19.7 మి.గ్రా. తూచి 100 మి.లీ. మిథనాల్‌లో పూర్తిగా కరిగేదాకా కలిపి 0.5 మిల్లీమోలార్ ద్రావణం చేసుకోండి. అందులోంచి 20 మి.లీ. తీసి మిథనాల్‌తో 100 మి.లీ.కి పెంచితే 0.1 మిల్లీమోలార్ వస్తుంది. ఏ రోజుకు ఆ రోజు కొత్తగా చేసి, రేకు చుట్టి ఉంచండి.

సారాన్ని, తీసిన ద్రావణిలోనే, మి.లీ.కి 1 మి.గ్రా. చొప్పున కరిగించండి. దాన్ని పలుచన చేస్తూ మి.లీ.కి 40, 80, 160, 240, 320, 400 మైక్రోగ్రాముల ద్రావణాలు తయారు చేయండి. ఒక్కోదాని నుంచి 1 మి.లీ. తీసుకుని 3 మి.లీ. డీపీపీహెచ్ ద్రావణం కలపండి. 1 మి.లీ. కాస్తా 4 మి.లీ. అయింది కాబట్టి చర్య జరిగే నాళికలో గాఢతలు వరుసగా 10, 20, 40, 60, 80, 100 మైక్రోగ్రాములు అవుతాయి. మీ పట్టికలో ఈ రెండో వరుసనే వాడండి. కలపకముందు గాఢత రాసినవారికీ, కలిపిన తరువాతి గాఢత రాసినవారికీ ఒకే ఆకు మీద నాలుగు రెట్ల తేడా వస్తుంది. ఒకరి ఫలితం మరొకరితో పొసగకపోవడానికి ఇదొక పెద్ద కారణమని నా అభిప్రాయం.

ప్రతి వరుసతో పాటు మరో మూడు రకాల నాళికలు తప్పనిసరి. మొదటిది కంట్రోల్: సారం లేని ద్రావణి 1 మి.లీ., డీపీపీహెచ్ 3 మి.లీ. రెండోది నమూనా బ్లాంక్: ప్రతి గాఢతకూ సారం 1 మి.లీ., డీపీపీహెచ్‌కు బదులు మిథనాల్ 3 మి.లీ. మునగాకు సారం పత్రహరితం, కెరోటినాయిడ్ల వల్ల ఆకుపచ్చగా ఉంటుంది. ఆ రంగు కూడా 517 వద్ద కొంత కాంతిని పీల్చుకుని, సారం నిజంగా ఉన్నదానికంటే బలహీనమైనదిగా చూపిస్తుంది. మూడోది పోలిక కోసం ఆస్కార్బిక్ ఆమ్లం (విటమిన్ సి), దీన్ని కూడా అదే రోజు కొత్తగా కరిగించాలి.

నాళికలను బాగా కలిపి, చీకటిలో 30 నిమిషాలు ఉంచి, మిథనాల్‌తో సున్నా చేసిన స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 517 వద్ద అబ్సార్బెన్స్ (పీల్చుకున్న కాంతి కొలత) చదవండి. ఇది దృశ్యకాంతే కాబట్టి గాజు క్యువెట్ (ద్రావణం పోసి పరికరంలో ఉంచే చిన్న పాత్ర) సరిపోతుంది. అందరూ వాడుతున్నారని 30 నిమిషాలను అలాగే అంగీకరించకండి. విటమిన్ సి దాదాపు కలిపిన వెంటనే పని ముగిస్తే, కొన్ని పాలీఫినాల్స్ నిదానంగా చర్య జరుపుతూనే ఉంటాయి. ఒక నమూనాను 5, 10, 20, 30, 60 నిమిషాలకు చదివి, విలువ ఎప్పుడు నిలకడగా మారిందో చూసి, ఆ సమయాన్నే మిగిలిన అన్నిటికీ పాటించండి. నాళికలు ఎక్కువగా ఉంటే డీపీపీహెచ్‌ను నిమిషానికో నాళికలో చొప్పున కలిపితే చదవడం కూడా అదే వరుసలో సాగి, అన్నిటికీ సమాన సమయం దొరుకుతుంది.

లెక్క కట్టడం

నమూనా విలువలోంచి దాని బ్లాంక్ విలువను తీసేయండి. ఆ ఫలితాన్ని కంట్రోల్ విలువలోంచి తీసేసి, కంట్రోల్‌తో భాగించి, వందతో గుణిస్తే నిరోధక శాతం వస్తుంది. ఉదాహరణకు కంట్రోల్ 0.850, నమూనా 0.374, బ్లాంక్ 0.034 అనుకుందాం. సవరించిన నమూనా విలువ 0.340 కాబట్టి నిరోధం 60 శాతం. బ్లాంక్ తీసేయకపోతే ఇదే లెక్క 56 శాతం చూపిస్తుంది. గాఢత పెరిగేకొద్దీ ఆకుపచ్చదనమూ పెరుగుతుంది కాబట్టి ఈ తేడా ఇంకా పెద్దదవుతుంది.

రాడికల్‌లో సగాన్ని తటస్థీకరించడానికి కావలసిన గాఢతను ఐసీ50 అంటారు. ఇది ఎంత చిన్నదైతే శక్తి అంత ఎక్కువ. పెద్ద సంఖ్య కనిపించగానే మంచి ఫలితమనుకోవడం సహజమే గనుక ఈ విషయాన్ని పట్టిక కిందే రాసి పెట్టండి. నిరోధక శాతాలను గాఢతకు ఎదురుగా గ్రాఫ్ గీస్తే మొదట నిటారుగా పెరిగి తరువాత వంగిపోతుంది. వంగిన భాగాన్ని కూడా కలిపి సరళరేఖ గీస్తే ఐసీ50 తప్పుతుంది. 50 శాతానికి అటూ ఇటూ ఉన్న బిందువులతోనే లెక్కించండి. 40 మైక్రోగ్రాముల వద్ద 42 శాతం, 60 వద్ద 60 శాతం వచ్చిందనుకోండి. 18 శాతం పెరగడానికి 20 మైక్రోగ్రాములు పట్టాయి, ఇంకా కావలసింది 8 శాతం, అంటే సుమారు 8.9 మైక్రోగ్రాములు. ఐసీ50 విలువ మి.లీ.కి 48.9 మైక్రోగ్రాములు. మీ గాఢతలన్నీ 50 శాతం లోపలే ఆగిపోతే రేఖను ఊహించి పొడిగించకండి, ఎక్కువ గాఢతలతో మళ్లీ చేయండి.

ఇక్కడ మీ చేతిపని సరిగ్గా ఉందో లేదో చెప్పే పరీక్ష ఒకటి ఉంది. ఒక ఆస్కార్బిక్ ఆమ్ల అణువు రెండు డీపీపీహెచ్ అణువులను తటస్థీకరిస్తుంది. 3 మి.లీ. కాస్తా 4 మి.లీ. అయింది కాబట్టి నాళికలో డీపీపీహెచ్ గాఢత 0.075 మిల్లీమోలార్, అందులో సగం 0.0375, దానికి కావలసిన ఆస్కార్బిక్ ఆమ్లం 0.01875 మిల్లీమోలార్. అణుభారం 176.1 తో గుణిస్తే మి.లీ.కి సుమారు 3.3 మైక్రోగ్రాములు. మీ ప్రయోగంలో దీనికి దగ్గరగా వస్తే తూకాలూ పలుచన చేయడమూ సరిగ్గా ఉన్నట్టే. పది రెట్లు ఎక్కువ వచ్చిందంటే ఆమ్లం పాతబడిందో, ఎక్కడో గాఢత లెక్క తప్పిందో వెతకండి, అది తేలేవరకూ మునగ ఫలితాన్ని నమ్మకండి. డీపీపీహెచ్ తొలి గాఢత మారితే ఐసీ50 కూడా మారుతుందని ఈ లెక్కే చెబుతోంది. కాబట్టి ఇతరుల పత్రాల్లోని విలువతో మీ విలువను పోల్చే ముందు వారు ఎంత గాఢత వాడారో చూడండి.

మూడేసి సార్లు చేయాలన్న నియమాన్ని చాలామంది ఒకే సారాన్ని మూడు క్యువెట్లలో పోసి తీర్చేస్తారు. అది మీ పిపెట్ నిలకడను మాత్రమే చూపిస్తుంది. మూడు పొడి నమూనాల నుంచి మూడు సారాలు విడిగా తీసి, ఒక్కోదాన్ని మూడుసార్లు చదవండి. సగటు, ప్రామాణిక విచలనం మూడు సారాల మీద లెక్కించండి.

ఫినాల్స్ మొత్తాన్ని కూడా కొలవండి

రాడికల్‌ను అడ్డుకుంటున్నది ఏమిటో కొంతైనా తెలియాలంటే ఫోలిన్ సియోకాల్టో పరీక్ష కూడా చేయాలి. సారం 0.5 మి.లీ.కి, పది రెట్లు పలుచన చేసిన ఫోలిన్ ద్రావణం 2.5 మి.లీ. కలిపి, 5 నిమిషాల తరువాత 7.5 శాతం సోడియం కార్బొనేట్ 2 మి.లీ. పోయండి. చీకటిలో గంటసేపు ఉంచి, ఏర్పడిన నీలిరంగును 765 నానోమీటర్ల వద్ద చదవండి. మి.లీ.కి 20 నుంచి 100 మైక్రోగ్రాముల గాలిక్ ఆమ్లంతో ప్రమాణ రేఖ గీసి, దానితో పోల్చండి. మి.లీ.కి 1 మి.గ్రా. ఉన్న సారం 80 మైక్రోగ్రాముల గాలిక్ ఆమ్లంతో సమానంగా వచ్చిందంటే, గ్రాము సారానికి 80 మి.గ్రా. అని అర్థం. దిగుబడి 20 శాతమైతే గ్రాము ఆకుపొడికి 16 మి.గ్రా. మాత్రమే. ఈ రెండింటిలో ఏది రాస్తున్నారో స్పష్టంగా చెప్పండి. విటమిన్ సి, కొన్ని చక్కెరలు కూడా ఈ ద్రావణాన్ని నీలంగా మారుస్తాయి కాబట్టి ఈ విలువ అసలు ఫినాల్స్ కంటే కొంత ఎక్కువగానే కనిపిస్తుంది.

సమయం ఉంటే ఫ్రాప్ పరీక్ష జోడించండి. బెంజీ, స్ట్రెయిన్ 1996లో ప్రచురించిన ఈ పద్ధతిలో ఫెర్రిక్ ఇనుము ఫెర్రస్‌గా మారినప్పుడు వచ్చే నీలిరంగును 593 వద్ద చదువుతారు. డీపీపీహెచ్‌కూ దీనికీ చర్య జరిగే తీరు వేరు కాబట్టి, రెండింటిలోనూ నమూనాలు బలాన్నిబట్టి ఒకే వరుసలో వస్తే మీ మాటకు బలం పెరుగుతుంది. వరుస మారితే దాన్ని దాచకుండా అలాగే రాయండి.

ఫలితాన్ని ఎలా రాయాలి, ఏది రాయకూడదు

ఆకు వయసు, ఆరబెట్టిన తీరు, ద్రావణి పాళ్లు, దిగుబడి, నాళికలో డీపీపీహెచ్ గాఢత, చదివిన సమయం, అదే రోజు ఆస్కార్బిక్ ఆమ్లానికి వచ్చిన ఐసీ50: ఇవన్నీ ఉంటేనే మరొకరు మీ పనిని తిరిగి చేయగలరు.

ఈ సంఖ్య ఆధారంగా ‘మునగాకు ఫలానా జబ్బును నివారిస్తుంది’ అని మాత్రం రాయకండి. క్యువెట్‌లో జరిగిన చర్య శరీరంలో జరుగుతుందని చెప్పలేం. క్వెర్సెటిన్ లాంటివి పేగుల నుంచి కొద్దిగానే లోపలికి వెళ్తాయి, వెళ్లినవి కూడా కాలేయంలో వేరే రూపాలకు మారిపోతాయి. ఆహార పదార్థాల యాంటీఆక్సిడెంట్ విలువలను చూపే ఓరాక్ పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన వెబ్‌సైట్ నుంచి తీసివేసింది. ఆ సంఖ్యలకు మనుషుల ఆరోగ్యంతో సంబంధం రుజువు కాలేదనీ, వాటిని అమ్మకాల ప్రచారానికి వాడుకుంటున్నారనీ కారణం చెప్పింది. అంతకుముందే, ఫిన్లాండ్‌లో పొగతాగే సుమారు 29,000 మంది పురుషులపై జరిపి 1994లో ప్రచురించిన పరిశోధనలో, రోజుకు 20 మి.గ్రా. బీటా కెరోటిన్ మాత్రలు తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువగా కనిపించింది. అది మాత్రల సంగతే గాని ఆకు సంగతి కాదు. అయినా ప్రయోగశాల ఫలితానికీ వైద్య సలహాకూ మధ్య ఎంత దూరముందో ఈ ఉదాహరణ చూపుతుంది. మీ పత్రం చదివి ఎవరైనా మందులు మానేసి ఆకుపొడి మీద ఆధారపడే అవకాశమున్న ఏ వాక్యాన్నీ వదలకుండా తొలగించండి.

పని ముగిశాక మిథనాల్, డీపీపీహెచ్ కలిసిన వ్యర్థాన్ని సింకులో పోయకండి. చీటీ అంటించిన ప్రత్యేక సీసాలో చేర్చి, సేంద్రియ ద్రావణి వ్యర్థాలను తీసుకునేవారికి అప్పగించండి. ఫోలిన్ వ్యర్థానికి వేరే సీసా వాడండి. మిగిలిన ఆకుపొడిని తేదీ, నమూనా సంఖ్య రాసి ఫ్రీజర్‌లో ఉంచండి. మీ ఫలితాన్ని ఎవరైనా ప్రశ్నిస్తే అదే పొడితో పరీక్షను మళ్లీ చేసి చూపించవచ్చు.